‘అప్పుడప్పుడు’ నుంచి ‘అస్తమానం’ దాకా: ఏది ఎంత తరచో, ఎంత విడవకుండానో సరిగ్గా చెప్పడం ఎలా?

మా పెద్దమ్మను దగ్గు కోసం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. “దగ్గు తరచుగా వస్తోందా అమ్మా?” అని ఆయన అడిగాడు. “అప్పుడప్పుడు వస్తానే ఉంటది బాబూ” అంది. ఆయన మొదటి మాట పట్టుకుని ‘అప్పుడప్పుడు’ అని రాసుకున్నాడు. ఆమె చెప్పదలచుకున్నది రెండో మాట, ‘వస్తానే ఉంటది’. తెల్లవార్లూ మంచం మీద కూర్చుని దగ్గుతుందని ఇంట్లో మా అందరికీ తెలుసు. నేను కల్పించుకుని “రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు పెద్దమ్మా? ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగితే, “నాలుగైదు మాట్లు లేస్తాను, సంక్రాంతి ముందు నుంచీ ఇంతే” అంది. అప్పుడుగానీ ఆయన కళ్ళె పరీక్షకు రాయలేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలన్నది మన దేశపు క్షయ నిర్మూలన కార్యక్రమం పాటించే నియమం.

ఆ రోజు నుంచి ఈ మాటల మీద నాకు పట్టింపు పెరిగింది. తెలుగులో ఇలాంటివి వందకు తక్కువ ఉండవు. అన్నీ ఒకటే అనుకుని చేతికి అందింది వాడేస్తాం. వినేవాళ్ళు వాళ్ళకు తోచిన అర్థం తీసుకుంటారు. డాక్టరుతో మాట్లాడేటప్పుడైనా, మునిసిపల్ ఆఫీసుకు అర్జీ రాసేటప్పుడైనా, వార్త రాసేటప్పుడైనా సరైన మాట పట్టుకోవడానికి నేను పాటించే వరస ఇది.

మొదటి అడుగు: ఎడం ఉందా, లేదా?

ఎన్నిసార్లు అని లెక్కపెట్టే ముందు, మధ్యలో ఎడం ఉందో లేదో చూడండి. మన మాటలు చాలావరకు ఈ ఎడాన్ని బట్టి పుట్టినవే. ‘తరచు’ అనే మాటకు పాత అర్థం దట్టం, ఒత్తు. చెట్లు తరచుగా ఉన్నాయంటే దగ్గరదగ్గరగా ఉన్నాయని. చోటులో దగ్గరగా ఉండటాన్ని చెప్పే మాటనే కాలంలో దగ్గరగా రావడానికీ వాడుకున్నాం. ‘ఎడతెగని’ అంటే నడుమ తెగనిది. ‘నిరంతరం’ అంటే అంతరం లేనిది. రెండింటి పోలికా ఒకటే. ఒకటి తెలుగు, ఒకటి సంస్కృతం.

వాన దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. ‘ఎడతెరిపి లేని వాన’లో తెరిపి అంటే వాన కాసేపు ఆగి ఊపిరి తీసుకోనిచ్చే సమయం. “కాస్త తెరిపి ఇచ్చింది, బయల్దేరదాం” అంటాం. ఆ తెరిపి దొరకని వాన ఎడతెరిపి లేనిది. అది జోరుగానే కురవాలని లేదు. సన్నగా, రోజుల తరబడి పట్టుకుంటే ముసురు. ఒకే జోరున, వదలకుండా పడితే జడివాన. కుండపోత అనే మాట జోరును చెబుతుంది, ఎంతసేపన్నది చెప్పదు. పావుగంట పడ్డా కుండపోతే. అందుకే ‘రెండు రోజులుగా ఎడతెరిపి లేకుండా కుండపోత’ అని రాసేముందు ఒక్క క్షణం ఆగాలి. నిజంగా రెండు రోజులూ అదే జోరున, మధ్యలో ఆగకుండా పడిందా? పడకపోతే ‘రెండు రోజులుగా ముసురు, మధ్యమధ్యలో కుండపోత’ అంటే సరిపోతుంది.

ఎడం లేనివాటికి మాటలు: ఎడతెగకుండా, ఆగకుండా, విడవకుండా, ఏకధాటిగా, ఏకబిగిన, నిరంతరం. వీటిలోనూ తేడా ఉంది. ‘ఏకబిగిన’ మనిషి చేసే పనికి కుదురుతుంది: ఏకబిగిన వంద పేజీలు చదివాడు. మొదలూ చివరా ఉండి, ఒక్క ఊపులో పూర్తయ్యేది. ‘నిరంతరం’కు చివర కనబడదు. జ్వరం ఏకబిగిన రాదు, విడవకుండా ఉంటుంది.

ఎడం ఉండి తిరిగి వచ్చేవాటికి: తరచు, పదేపదే, మాటిమాటికీ, మళ్ళీ మళ్ళీ, అప్పుడప్పుడు, అడపాదడపా, ఎప్పుడో ఒకసారి, అరుదుగా. అరుదు చివర ఉన్నవాటికి వాడుక మాటలు ఇంకా బాగుంటాయి: అమావాస్యకో పున్నానికో, ఆర్నెల్లకో ఏడాదికో, పుష్కరానికోసారి. గోదావరి పుష్కరాలు 2015లో, కృష్ణా పుష్కరాలు 2016లో జరిగాయి. పన్నెండేళ్ళ ఎడం ఊళ్ళో ప్రతివాళ్ళకూ తెలుసు కాబట్టి ఆ పోలిక అంత బలంగా పనిచేస్తుంది.

ఈ రెంటికీ మధ్యన ఒక రకం ఉంది. పోయినట్టే పోయి వచ్చేది. “తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది” అంటాం. జబ్బుకు ‘తిరగబెట్టడం’ అనే మాట వదలకండి. ‘మళ్ళీ వచ్చింది’ అంటే కొత్తగా వచ్చిందేమో అనుకోవచ్చు. తిరగబెట్టింది అంటే పాతదే పూర్తిగా పోలేదని డాక్టరుకు అర్థమవుతుంది.

రెండో అడుగు: తిరిగి వచ్చేది లెక్క ప్రకారం వస్తోందా?

మన పాత వైద్యులు దీన్ని ఎంత జాగ్రత్తగా చూశారో విషమ జ్వరాల విభజన చెబుతుంది. ఆయుర్వేదంలో అవి ఐదు. వదలకుండా రోజుల తరబడి ఉండేది సంతతం. పగలూ రాత్రీ కలిపి రెండుసార్లు వచ్చేది సతతకం. రోజుకొకసారి వచ్చేది అన్యేద్యుష్కం. రోజు విడిచి రోజు వచ్చేది తృతీయకం. రెండు రోజులు విడిచి వచ్చేది చతుర్థకం. జ్వరానికి పేరు పెట్టింది దాని వేళను బట్టే. నేటి వైద్యం చెప్పే మలేరియా లెక్క కూడా దీనికి దగ్గరగా ఉంటుంది: వైవాక్స్ అనే పరాన్నజీవి వల్ల వస్తే జ్వరం సుమారు 48 గంటలకొకసారి, ‘మలేరియే’ అనే పరాన్నజీవి వల్ల వస్తే 72 గంటలకొకసారి తిరిగి రావడం దాని గుర్తు.

ఇక్కడ ఒక చిక్కు చూడండి. రోజు విడిచి రోజు వచ్చేదాన్ని తృతీయకం, అంటే ‘మూడోది’ అన్నారు. సోమవారం వచ్చి బుధవారం వస్తే, సోమవారాన్ని కూడా కలుపుకుని లెక్కించారు: సోమ, మంగళ, బుధ, మూడో రోజు. మన ఇళ్ళలో ఇప్పటికీ “మళ్ళీ మూడో రోజుకు వచ్చింది” అంటే ఈ లెక్కే. కానీ అదే మనిషి “రెండు రోజులకోసారి” అంటే? కొందరికి అది రోజు విడిచి రోజు. కొందరికి మధ్యలో రెండు రోజులు ఖాళీ. మందు బిళ్ళ దగ్గర ఈ తేడా చిన్నది కాదు. అందుకని ‘రెండు రోజులకోసారి’, ‘మూడు రోజులకోసారి’ అనే మాటలు మందుల విషయంలో నేను వాడను. ‘రోజు విడిచి రోజు’ అంటాను. అంతకు మించిన ఎడమైతే వారాల పేర్లు చెబుతాను: “సోమవారం, గురువారం వేసుకో.” ఎవరైనా మీతో ‘మూడు రోజులకోసారి’ అంటే, “ఇవాళ వేస్తే మళ్ళీ ఏ వారం?” అని అడగండి.

‘రోజుకు’, ‘రోజులకు’ అన్న రెండు మాటలూ వేగంగా పలికితే కలిసిపోతాయి. రోజుకు మూడుసార్లు వేరు, మూడు రోజులకొకసారి వేరు. చెవి సరిగా వినబడని పెద్దవాళ్ళకు ‘పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి’ అని పూటలతో చెప్పడమే క్షేమం. ‘మూడు పూటలా’ అన్నా చాలు. కానీ ‘ఆరు గంటలకోసారి’ అని రాసి ఉంటే అది రోజుకు నాలుగు మోతాదులు. పూటల లెక్కలో పడదు, గడియారం చూపించాల్సిందే.

లెక్క ప్రకారం రానివి రెండు రకాలు. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవి ఒకటి, ఏదో జరిగినప్పుడల్లా వచ్చేవి ఒకటి. రెండోదానికి తెలుగులో చక్కటి సదుపాయం ఉంది: క్రియకు ‘అప్పుడల్లా’ చేర్చడం. తిన్నప్పుడల్లా, మెట్లెక్కినప్పుడల్లా, గాలి వీచినప్పుడల్లా. “కడుపులో నొప్పి తరచుగా వస్తోంది” అన్నదానికంటే “కారం తిన్నప్పుడల్లా వస్తోంది” అన్న మాట డాక్టరుకు పదింతలు పనికొస్తుంది. తరచుదనంతో పాటు కారణం కూడా చేతికిచ్చినట్టు. కరెంటు పోవడమైనా అంతే. “మా వీధిలో మాటిమాటికీ కరెంటు పోతోంది” కన్నా “మోటారు వేసినప్పుడల్లా పోతోంది” అంటే లైన్‌మన్‌కు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

మూడో అడుగు: క్రియను సరిచూడండి

సగం పని క్రియే చేస్తుంది, కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు. “దగ్గు వస్తోంది” అంటే ఈమధ్య వస్తున్నది. “వస్తూ ఉంటుంది” అంటే అలవాటుగా, ఎడం ఇచ్చి. “వస్తూనే ఉంది” అంటే విడవడం లేదు. ‘నే’ అన్న ఒక్క అక్షరం అర్థాన్ని అటునుంచి ఇటు తిప్పేసింది. మా పెద్దమ్మ ‘వస్తానే ఉంటది’ అన్నది ఈ ‘నే’తోనే. ముందున్న ‘అప్పుడప్పుడు’ మర్యాద కోసం వేసింది, బాధను పెద్దది చేసి చెప్పకూడదని. పెద్దవాళ్ళ మాటల్లో ఇది ఎప్పుడూ గమనించాల్సిన విషయం: ముందున్న మాట మొహమాటానిది కావచ్చు, క్రియ మాత్రం నిజం చెబుతుంది.

ఇంకో మెలిక ‘ఎప్పుడూ’ దగ్గర. “ఎప్పుడూ వస్తాడు” అంటే ప్రతిసారీ. “ఎప్పుడూ రాడు” అంటే ఒక్కసారి కూడా రాడు. ఒకే మాట, క్రియను బట్టి రెండు కొసలకు పోతుంది. మరి ‘ప్రతిసారీ కాదు గానీ కొన్నిసార్లు’ అని చెప్పాలంటే? “ఎప్పుడూ ఆలస్యంగా రాడు” అంటే సరిపోదు. వినేవాళ్ళు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయడనుకుంటారు. “ఎప్పుడూ ఆలస్యమేనని కాదు, ఒక్కోసారి అవుతుంది” అనాలి. కేవలం లేదనే చెప్పాలంటే ‘ఎన్నడూ’ వాడండి. అది నేటి వాడుకలో దాదాపుగా వ్యతిరేక క్రియతోనే వస్తుంది కాబట్టి పొరపాటుకు తావుండదు. ముందుకాలం గురించైతే ‘ఎప్పటికీ’: ఎప్పటికీ మరిచిపోను.

నాలుగో అడుగు: ‘అప్పుడు’ కుటుంబాన్ని విడదీసి పట్టుకోండి

తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళే కాదు, మనలోనూ చాలామంది తడబడే చోటు ఇది. అప్పుడప్పుడు: కొంత ఎడంతో, కొన్నిసార్లు. అప్పుడప్పుడే: సరిగ్గా ఆ సమయానికి మొదలవుతున్నది (“అప్పుడప్పుడే తెల్లవారుతోంది”). అప్పటికప్పుడు: ఆ క్షణంలోనే, ముందు అనుకోకుండా. ఎప్పటికప్పుడు: ఏ పని ఆ వేళకు, పేరుకుపోనివ్వకుండా. ‘బకాయిలు అప్పుడప్పుడు కట్టాను’ అంటే సరిగా కట్టలేదని. ‘ఎప్పటికప్పుడు కట్టాను’ అంటే ఒక్క నెల కూడా ఆపలేదని. అప్పు తీర్చే కాగితంలో ఈ రెండూ తారుమారైతే గొడవే. రెట్టింపు చేసిన మాట అంటే తరచు అనే అర్థమే వస్తుందనుకోకూడదు. మధ్యన ఉన్న ‘టికి’, చివరి ‘ఏ’ మొత్తం మార్చేస్తాయి.

‘మాటిమాటికీ’ గురించి ఒక మాట. దీనిలో ఉన్నది ‘మాట’ కాదు, ‘మాటు’. ఒకమాటు, రెండుమాట్లు అన్నప్పటి మాటు, అంటే సారి. మా పెద్దమ్మ ‘నాలుగైదు మాట్లు’ అన్నది అదే. మాటికి మాటికి అన్నది ఆమ్రేడితంలో, అంటే ఒకే మాట రెండుసార్లు వచ్చినచోట, మొదటి ‘కి’ పోగొట్టుకుని మాటిమాటికి అయింది. అప్పటికి అప్పటికి ‘అప్పటప్పటికి’ అయినట్టే. కాబట్టి మనుషులు మాట్లాడటానికి మాత్రమే కాదు, తలనొప్పికీ వానకూ కూడా మాటిమాటికీ నిక్షేపంగా సరిపోతుంది.

ఐదో అడుగు: మీకు ఎలా అనిపిస్తోందో ఆ మాటలో కనబడుతుంది, చూసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. మన మాటల్లో లెక్కతో పాటు మనసు కూడా ఉంటుంది. ఒకే సంగతి చూడండి. మేనల్లుడు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తాడు.

“తరచుగా ఫోన్ చేస్తాడు” అంటే ఉన్న సంగతి చెప్పారు. “రోజూ తప్పకుండా చేస్తాడు” అంటే మెచ్చుకున్నారు. “ఊరికే ఫోన్ చేస్తాడు” అంటే పని లేకుండా అని కొంచెం విసుగు. “చీటికీమాటికీ చేస్తాడు” అంటే చిన్న విషయాలకు కూడా అని. “అస్తమానం చేస్తాడు” అంటే ఇక భరించలేకపోతున్నామని. “పదేపదే చేస్తున్నాడు” అంటే ఏదో అవసరముందేమో అనే అనుమానం కూడా అందులో ఉంటుంది. “అదేపనిగా చేస్తున్నాడు” అంటే వేరే పని మానేసి కూర్చున్నాడని. అస్తమానం అన్న మాట పొద్దు క్రుంకడం నుంచి వచ్చింది. పొద్దస్తమానం అంటే పొద్దుపోయేదాకా. పగలంతా అన్న కొలత మెల్లగా విసుగుగా మారింది. ఇప్పుడు “అమ్మ అస్తమానం నా గురించే ఆలోచిస్తుంది” అంటే ప్రేమగా చెప్పినా చెవికి కాస్త కరుకుగానే తగులుతుంది. అక్కడ ‘ఎప్పుడూ’, ‘సదా’, ‘అనుక్షణం’ ఉన్నాయి.

మనిషి వదలకపోవడాన్ని చెప్పే మాటలకూ ఈ మెట్లు ఉన్నాయి. మెచ్చుకుంటే పట్టుదల. దీక్ష అంటే ఇంకా పైమెట్టు. పంతంలో ఎదుటివాళ్ళతో పోటీ ఉంటుంది. మొండితనంలో మంచి చెప్పినా వినకపోవడం ఉంటుంది. ఉడుంపట్టు అంటే ఆ పట్టు ఎంత గట్టిదో చెబుతుంది, మంచో చెడో చెప్పదు. జిడ్డు అంటే పూర్తిగా చీదరింపు. బడిలో పిల్లవాడి గురించి మీరు రాసే ఒక వాక్యంలో ‘మొండిగా ప్రయత్నిస్తాడు’ అంటే ఒకటి, ‘పట్టుదలతో ప్రయత్నిస్తాడు’ అంటే ఒకటి. ఆ కాగితం వాడి వెంట ఏళ్ళపాటు వస్తుంది, కాబట్టి ఆలోచించి రాయండి.

జబ్బుకు ‘మొండి’ పెడితే తిట్టు కాదు, మందులకు లొంగనిదని. ఎక్కువ కాలం ఉండేది దీర్ఘకాలిక వ్యాధి. ఈ రెండూ ఒకటి కావు: మధుమేహం దీర్ఘకాలికం, కానీ మందులూ తిండీ సరిగా ఉంటే అదుపులోనే ఉంటుంది. ఆసుపత్రివాళ్ళు ‘పరిస్థితి నిలకడగా ఉంది’ అంటే జబ్బు విడవడం లేదని కాదు, పెరగడమూ తగ్గడమూ లేకుండా ఉందని.

ఆరో అడుగు: మాటకు లెక్క కట్టాల్సిన చోట కట్టండి

కొన్ని రంగాల్లో ఈ మాటలకు ముందే కొలత పెట్టి ఉంచారు. అక్కడ సొంత అందాలు పనికిరావు. మందుల కరపత్రాల్లో దుష్ప్రభావాలకు పాటించే అంతర్జాతీయ కొలత ఇలా ఉంటుంది: పదిమందిలో ఒకరికో అంతకన్నా ఎక్కువమందికో వస్తే ‘చాలా తరచు’. పదిమందిలో ఒకరికన్నా తక్కువ, వందమందిలో ఒకరి దాకా ఉంటే ‘తరచు’. వెయ్యిమందిలో ఒకరి దాకా ‘అంత తరచు కాదు’. పదివేలమందిలో ఒకరి దాకా ‘అరుదు’. అంతకన్నా తక్కువైతే ‘చాలా అరుదు’. అంటే యాభైమందిలో ఒకరికి వచ్చేది కూడా ఆ కాగితం మీద ‘తరచు’ అవుతుంది. మన వాడుకలో అది అరుదే. అందుకని ఇంట్లోవాళ్ళకు చదివి చెప్పేటప్పుడు మాట కాకుండా అంకె చెప్పండి. లేకపోతే భయపడి మందు మానేస్తారు.

వాతావరణ శాఖ చోటును బట్టి ఇలాగే గీతలు గీసుకుంది. ఒక ప్రాంతంలోని వానమాపక కేంద్రాల్లో నాలుగో వంతు దాకా వాన నమోదైతే ‘ఒకటి రెండు చోట్ల’, సగం దాకా ‘కొన్ని చోట్ల’, 75 శాతం దాకా ‘చాలా చోట్ల’, అంతకు మించితే ‘దాదాపు అన్ని చోట్ల’. వార్త రాసేవాళ్ళు విసుగు తగ్గించడానికి ఈ మాటలను అటూ ఇటూ మారిస్తే వార్తే మారిపోతుంది.

మన వ్యాకరణం ఈ పని ఎప్పుడో చేసింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధి సూత్రాలు గుర్తు తెచ్చుకోండి. ఉత్తుకు, అంటే పొట్టి ‘ఉ’కు, అచ్చు పరమైతే సంధి ‘అగు’: ప్రతిసారీ. ఏమి మొదలైనవాటి ఇత్తుకు ‘వైకల్పికంబుగా’: చేసినా సరే, చేయకున్నా సరే. అత్తుకు ‘బహుళంబుగా’: ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండు విధాలా, ఒకచోట మరోలా. ఆమ్రేడితం పరమైనప్పుడు ‘తరచుగా’. నాలుగు సూత్రాలు, నాలుగు రకాల తరచుదనం, ఒక్కమాట కూడా రెండోదానికి బదులుగా వాడలేదు. బడిలో బట్టీపట్టిన ఆ సూత్రాల్లో ఇంత నేర్పు ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏడో అడుగు: ఎదుటివాళ్ళ ఊరి మాట వినండి

‘సారి’కి మన నేల మీద ఎన్ని పేర్లు! కోస్తాలో మాటు, రాయలసీమలో తూరి, తడవ, తెలంగాణలో పారి, ఉత్తరాంధ్రలో పాలి, కాగితాల మీద దఫా. తెలంగాణలో ‘గడిగడికి’ అంటే ఘడియ ఘడియకూ, మాటిమాటికీ. ‘ఊకె’ అంటే కోస్తావాళ్ళ ఊరికే. ‘దినాం’ అంటే రోజూ, సీమలోనూ వింటాం. “ఊకె కడుపుల నొస్తది” అని పెద్దావిడ చెబితే, ఊరికే అంటే కారణం లేకుండా అని మాత్రమే తెలిసిన కోస్తా కుర్ర డాక్టరు తేలిగ్గా తీసుకునే ప్రమాదముంది. ఆమె ఉద్దేశం మాటిమాటికీ వస్తోందని కావచ్చు. “దినాం వస్తదా అమ్మా, ఎన్ని పార్లు?” అని ఆమె మాటతోనే తిరిగి అడిగితే తేలిపోతుంది.

ఇక అర్జీ ఒకటి రాసి చూద్దాం. చాలామంది ఇలా రాస్తారు: “మా వీధిలో నీళ్ళు ఎప్పుడూ సరిగా రావడం లేదు. పలుమార్లు చెప్పినా పట్టించుకోవడం లేదు.” ఎప్పుడూ అంటే ఎప్పుడు? పలుమార్లు అంటే ఎన్ని? చదివే అధికారికి పట్టు దొరకదు. ఎడం, లెక్క, క్రియ సరిచూసుకుని ఇలా రాయండి:

“మా వీధికి మంచినీళ్ళు రోజు విడిచి రోజు వదలాలి. ఈ నెల 3 నుంచి 18 వరకు ఎనిమిదిసార్లు రావలసి ఉండగా, 5, 9, 15 తేదీల్లో మూడుసార్లే వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ అరగంటలోపే ఆగిపోయాయి. ఈ విషయం 7న, 12న ఫోన్‌లో, 16న రాతపూర్వకంగా తెలియజేశాం. ఈ రోజుకూ పరిస్థితి అలాగే ఉంది.”